ముక్కు పసిగట్టింది, లెక్క ఒప్పుకుంటుందా?

టైప్-1 మధుమేహం ఉన్న పిల్లలున్న ఇళ్లలో రాత్రి రెండుకో మూడుకో ఒక దీపం వెలుగుతుంది. తల్లో తండ్రో లేచి, నిద్రపోతున్న బిడ్డ వేలు పట్టుకుని, సూదితో గుచ్చి, చుక్క నెత్తురు స్ట్రిప్పుకు అంటించి మీటరు వంక చూస్తారు. అంకె బాగుంటే దీపం ఆరిపోతుంది. షుగర్ 70 కంటే కిందికి దిగితే మాత్రం బిడ్డను లేపి, ఆ నిద్రమత్తులోనే గ్లూకోజు నీళ్లో పళ్లరసమో తాగించి, పావుగంట ఆగి మళ్లీ వేలు గుచ్చాలి. 54 కంటే కిందికి జారితే వైద్యులు దాన్ని తీవ్రంగా పట్టించుకోవలసిన స్థాయి అంటారు. ఇంకా జారితే మూర్ఛ రావచ్చు, స్పృహ తప్పవచ్చు. పెద్దవాళ్లకైతే చెమటలు పట్టడం, చేతులు వణకడం, గుండె దడ తెలుస్తాయి. నాలుగేళ్ల పిల్లకు తెలియవు, తెలిసినా చెప్పడం రాదు. నిద్రలో ఎవరికీ తెలియవు.

ఈ భయం ఊరికే పుట్టినది కాదు. అమెరికాలో బాల మధుమేహ పరిశోధనకు నిధులిచ్చే సంస్థ నడిపిన ఒక అధ్యయనంలో 176 మందికి షుగర్ కొలిచే సెన్సర్లు పెట్టి 36 వేలకు పైగా రాత్రుళ్ల లెక్కలు తీశారు. 2010లో ఫలితాలు వచ్చాయి. నూటికి ఎనిమిదిన్నర రాత్రుళ్లలో, అంటే సుమారు పన్నెండు రాత్రుళ్లకు ఒకసారి, షుగర్ పడిపోయింది. పిల్లలు, పెద్దలు అన్న తేడా ఇందులో కనబడలేదు. ఆ పన్నెండింటిలో ఏది ఆ ఒక్క రాత్రో ముందుగా తెలియదు కనుక అన్ని రాత్రుళ్లూ లేవాల్సిందే.

సరిగ్గా ఈ చోటికే కుక్క వచ్చింది. శిక్షణ పొందిన కుక్క పిల్ల మంచం పక్కన పడుకుంటుందని, షుగర్ పడిపోతుంటే వాసన పసిగట్టి ముక్కుతో పొడిచో, పంజాతో గీకో, పెద్దల గదికి పరుగెత్తో లేపుతుందని చెబుతారు. బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ ఇలాంటి కుక్కలు కొన్ని వందల కుటుంబాల దగ్గర ఉన్నాయి. ఆ కుటుంబాల మాటలు వింటే సందేహించడానికి మనసొప్పదు. అయినా సందేహించక తప్పదు. ఇక్కడ పొరపాటు జరిగితే దాని ఖరీదు బిడ్డ ప్రాణం కావచ్చు.

ఎక్కడ మొదలైంది

మధుమేహ చరిత్రలో కుక్కకు పాత స్థానమే ఉంది, అదేమంత సుఖమైన స్థానం కాదు. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, ఫాన్ మెరింగ్ ఒక కుక్క క్లోమాన్ని తీసేస్తే దానికి మధుమేహం వచ్చింది. ఈ జబ్బు మూలం క్లోమంలో ఉందని అలా తేలింది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్‌ను ముందుగా పరీక్షించిందీ కుక్కల మీదే. 1922 జనవరిలో పద్నాలుగేళ్ల కుర్రాడికి తొలి ఇంజెక్షన్ పడేనాటికి చాలా కుక్కలు ప్రాణాలిచ్చాయి. ఈ జబ్బు ఉన్న పిల్లలు బతికి బట్టకట్టినందుకు కుక్కలకు మనం తీర్చలేనంత అప్పు పడ్డామని అనిపిస్తుంది. ఆ అప్పు, ఆ మమకారం వల్లే కాబోలు, కుక్కల గురించిన మంచిమాటను మనం తొందరగా నమ్మేస్తాం.

షుగర్ పడిపోవడాన్ని పెంపుడు కుక్కలు గుర్తిస్తాయన్న మాట వైద్య పత్రికలకు ఎక్కింది మెల్లగా. 2000 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ క్రిస్మస్ సంచికలో ముగ్గురు రోగుల కథలు వచ్చాయి. ఏ శిక్షణా లేని వాళ్ల కుక్కలు తమంతట తామే వింతగా ప్రవర్తించి హెచ్చరించాయట. ఆ పత్రిక క్రిస్మస్ సంచికలో కాస్త సరదా వ్యాసాలు వేయడం ఆనవాయితీ. ఇది కూడా సగం నవ్వుతూ సగం గంభీరంగా రాసినదే. 2008లో బెల్‌ఫాస్ట్ క్వీన్స్ విశ్వవిద్యాలయం వాళ్లు కుక్కలున్న 212 మంది టైప్-1 రోగులను అడిగితే 138 మంది, అంటే నూటికి 65 మంది, తమ కుక్క ఒక్కసారైనా స్పందించిందన్నారు. ‘ఒక్కసారైనా’ అన్న మాటను గమనించాలి. ఇదంతా జ్ఞాపకం మీద ఆధారపడిన సర్వే. కుక్క లేపిన రాత్రి జన్మంతా గుర్తుంటుంది. కుక్క గుర్రుపెట్టి నిద్రపోయిన రాత్రి ఎవరికి గుర్తుంటుంది?

ఆ మధ్యకాలంలోనే శిక్షణ సంస్థలు పుట్టాయి. తానే టైప్-1 రోగి అయిన మార్క్ రూఫెనాక్ట్ అనే ఫోరెన్సిక్ శాస్త్రవేత్త 2004లో కాలిఫోర్నియాలో డాగ్స్‌ఫర్‌డయబెటిక్స్ మొదలుపెట్టాడు. 2008లో ఇంగ్లండ్‌లో క్లేర్ గెస్ట్, జాన్ చర్చ్ కలిసి మెడికల్ డిటెక్షన్ డాగ్స్ అనే దాతృత్వ సంస్థను స్థాపించారు.

ఏ వాసన?

కుక్క పసిగడుతోందంటే పసిగట్టడానికి ఒక వాసన ఉండాలి. అదేమిటన్నది ఇంకా తేలలేదు. అందరూ చెప్పుకునే ఆధారం 2016లో కేంబ్రిడ్జ్ నుంచి వచ్చింది. టైప్-1 ఉన్న ఎనిమిది మంది స్త్రీలకు ఆసుపత్రిలో వైద్యుల పర్యవేక్షణలో షుగర్‌ను క్రమంగా దించి, వాళ్ల ఊపిరిలోని వాయువులను కొలిచారు. షుగర్ పడిపోయినప్పుడు ఊపిరిలో ఐసోప్రీన్ అనే పదార్థం స్పష్టంగా పెరిగింది, కొందరిలో దాదాపు రెట్టింపైంది. మంచి ప్రయోగమే. కాని ఆ ప్రయోగంలో కుక్క లేదు. ఊపిరి ఇచ్చిన వాళ్లు నడివయసు స్త్రీలు, పిల్లలు కారు. కుక్క ఐసోప్రీన్‌నే పట్టుకుంటుందని ఆ ప్రయోగం చెప్పలేదు, చెప్పినట్టు ఆ శాస్త్రవేత్తలూ అనలేదు. ఆ మాట తర్వాత వార్తాపత్రికల్లో చేరింది.

కుక్కలతో నేరుగా చేసిన ప్రయోగాలు రెండు దిక్కులకు లాగుతాయి. అమెరికాలో ఆరెగాన్ వైద్య విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో మూడు శిక్షిత కుక్కల ముందు రోగుల చర్మాన్ని తుడిచిన దూదిముక్కలను ఉంచారు. కొన్ని షుగర్ పడిపోయినప్పటివి, కొన్ని మామూలుగా ఉన్నప్పటివి. కుక్కలు తేడా పట్టలేకపోయాయి, బొమ్మా బొరుసా వేసినట్టే తేలింది. రెండేళ్ల తర్వాత, 2015లో, మరో బృందం ఆరు కుక్కలతో చెమట నమూనాలు వాడి చూసింది. ఈసారి కుక్కను బట్టి నూటికి 50 నుంచి 87 దాకా ‘లో’ (షుగర్ పడిపోయినప్పటి) నమూనాలను సరిగ్గా పట్టాయి, మామూలు నమూనాలను నూటికి దాదాపు 90, అంతకు పైగా వదిలేశాయి.

ఈ రెంటిలో ఒకటి నిజం, ఇంకొకటి అబద్ధం అనుకోనక్కర్లేదు. నమూనాలు తీసిన తీరు వేరు, శిక్షణ వేరు, కుక్కలు వేరు. మొదటి ప్రయోగంలో ఓడిన కుక్కలు ఇంట్లో మనిషి పూర్తి ఊపిరిని, చెమటను, కదలికను కలిపి చదువుతుండవచ్చు. సీసాలో దూదికి, మంచం మీద బిడ్డకు చాలా తేడా ఉంది. అయితే అదే వాదనను తిప్పి వేయవచ్చు కూడా. రెండో ప్రయోగంలో సీసా దగ్గర నెగ్గిన కుక్క వంటింటి పోపు వాసనల మధ్య, టీవీ మోతల మధ్య, పక్కింటి పిల్లి కిటికీ ఎక్కిన వేళ అంత బాగా చేస్తుందన్న హామీ లేదు.

శిక్షణ పద్ధతి సూటిగానే ఉంటుంది. పిల్లకు షుగర్ పడిపోయినప్పుడు నోట్లో తిప్పిన దూదినో, చెమట తుడిచిన గుడ్డనో డబ్బాలో మూసి ఫ్రీజర్‌లో దాస్తారు. ఆ వాసన దగ్గర కుక్క ఆగితే తినడానికి పెడతారు. తర్వాత ఆ వాసనకు ఒక చేష్టను జోడిస్తారు. ముక్కుతో పొడవడం, ఒళ్లోకి ఎక్కడం, మెడకు వేలాడే చిన్న పుల్లను నోటితో పట్టి చూపడం, మీటరు సంచీని తెచ్చి ఇవ్వడం, ఇలా. లాబ్రడార్లు, గోల్డెన్ రిట్రీవర్లు, స్పానియల్‌లు ఎక్కువ. ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. ఇంటికి వచ్చాకా శిక్షణ ఆగదు. సరైన హెచ్చరికకు ప్రతిసారీ బహుమానం పెట్టకపోతే కుక్కకు ఆసక్తి పోతుంది, సరిచూడకుండా ప్రతి పొడుపుకూ పెడితే బిస్కెట్టు కోసమే పొడవడం నేర్చుకుంటుంది. కుక్క పని సగం ఇంటివాళ్ల క్రమశిక్షణే అని చెప్పాలి.

లెక్క ఎవరు రాశారు

అసలు విషయం ఇక్కడ ఉంది. ఇళ్లలో కుక్కలు ఎంతబాగా పనిచేస్తున్నాయన్న ప్రశ్నకు వచ్చిన జవాబుల్లో తేడా హస్తిమశకాంతరం. ఆ తేడాలో ఎక్కువ భాగం లెక్క రాసిన చేతిని బట్టి వచ్చిందని నాకు తోస్తుంది.

బ్రిస్టల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మెడికల్ డిటెక్షన్ డాగ్స్ కుక్కలపై చేసిన రెండు అధ్యయనాలు ముఖ్యమైనవి. 2013 నాటి మొదటిదాంట్లో 17 మంది ఉన్నారు. కుక్క వచ్చాక స్పృహ తప్పడాలు తగ్గాయని, అంబులెన్సును పిలవడం తగ్గిందని, ఒకరి మీద ఆధారపడకుండా తిరగగలుగుతున్నామని వాళ్లు చెప్పారు. తగినంత రికార్డు ఉన్న పది కుక్కల్లో ఎనిమిది షుగర్ హద్దు దాటినప్పుడే ఎక్కువగా స్పందించాయి. 2019లో అదే బృందం 27 కుక్కల మీద, నాలుగు వేలకు పైగా హద్దుదాటిన సందర్భాల మీద లెక్క తీసింది. నడిమి కుక్క నూటికి 83 ‘లో’లను, 67 ‘హై’లను పట్టింది. అది చేసిన హెచ్చరికల్లో నూటికి 81 సరైనవే. కుక్కకు కుక్కకు తేడా విపరీతం. కొన్ని అద్భుతంగా చేశాయి, కొన్ని అంతంతమాత్రం.

ఈ అంకెలు ఆశ కలిగిస్తాయి. అయితే రెండు సంగతులు చెప్పాలి. పరిశోధకుల్లో ఒకరు కుక్కలను తయారుచేసిన సంస్థకు అధిపతి. ఈ సంగతి దాచలేదు, వ్యాసంలోనే వెల్లడించారు. రెండోది అంతకన్నా పెద్దది. రికార్డు రాసింది ఇంటివాళ్లు. కుక్క పొడిచినప్పుడు వేలు గుచ్చి చూస్తారు. కుక్క పడుకుని ఉన్నప్పుడు అంతగా చూడరు. ఆ సమయంలో షుగర్ పడి, దానంతటదే లేచిపోతే, ఆ తప్పిపోయిన ‘లో’ ఏ పుస్తకంలోకీ ఎక్కదు. అందువల్ల కుక్క వదిలేసినవి తగ్గి, పట్టినవి పెరిగినట్టు కనిపిస్తుంది. ఎవరూ అబద్ధం రాయకుండానే లెక్క కుక్క వైపు మొగ్గుతుంది.

ఈ లోపాన్ని దాటడానికి ఆరెగాన్ బృందం 2017లో వేరే దారి పట్టింది. కుక్కలున్న ఎనిమిది మందికి చర్మం కింద షుగర్‌ను నిమిషాల తేడాతో కొలిచే సెన్సరు పెట్టారు, కాని దాని తెరను మూసేశారు. అంకెలు ఇంటివాళ్లకు కనబడవు, సెన్సరు కూయదు. వాళ్లు మామూలుగా కుక్కతో గడిపి, హెచ్చరికలు రాసుకున్నారు. తర్వాత రెండింటినీ పక్కపక్కన పెట్టారు. కుక్కలు సకాలంలో పట్టినవి నూటికి 36 ‘లో’లు. హెచ్చరించినప్పుడు నిజంగా ‘లో’ ఉన్నవి నూటికి 12. మామూలు సమయం కంటే ‘లో’ సమయంలో మూడింతలు ఎక్కువగా హెచ్చరించాయి కాబట్టి కుక్కకు ఏదో తెలుస్తున్నదనడం అన్యాయం కాదు. కాని కుక్కా సెన్సరూ రెండూ పట్టిన సందర్భాల్లో నాలుగింట మూడు వంతులు సెన్సరే ముందు ఉండేది, నడిమి తేడా 22 నిమిషాలు. షుగర్ జారుతున్న బిడ్డకు ఆ 22 నిమిషాలు చాలా పెద్ద సమయం.

అదే ఏడాది వర్జీనియా విశ్వవిద్యాలయం 14 కుక్కలను సెన్సరుతో సరిచూసింది. మెలకువగా ఉన్నప్పుడు కుక్కలు పట్టిన ‘లో’లు సుమారు మూడో వంతు. మనుషులు నిద్రపోతున్నప్పుడు ఇంకా తక్కువ. పద్నాలుగింటిలో మూడే మూడు యాదృచ్ఛికం కంటే మెరుగ్గా చేశాయని తేలింది. ఈ అధ్యయనానికి నాయకత్వం వహించిన లిండా గాండర్-ఫ్రెడరిక్ కుక్కల వ్యతిరేకి కాదు. షుగర్ పడిపోతుందన్న భయాన్ని కొలవడానికి ప్రపంచమంతా వాడే ప్రశ్నావళిని 1987లో తయారుచేసిన వాళ్లలో ఆమె ఒకరు. ఆ భయం బరువెంతో ఆమెకు తెలిసినంత కొద్దిమందికే తెలుసు.

సెన్సరూ దేవుడు కాదు, అదీ ఒప్పుకోవాలి. అది నెత్తుటిలోని షుగర్‌ను కాక కణాల మధ్య ద్రవంలోని షుగర్‌ను కొలుస్తుంది కనుక కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. పిల్ల సెన్సరున్న చేతి మీదే పడుకుంటే ఒత్తిడికి లేని ‘లో’ను చూపిస్తుంది. అలాంటి వేళ కుక్క పడుకునే ఉంటే కుక్కదే ఒప్పు. ఎనిమిది మంది, పద్నాలుగు కుక్కలు అంటే చిన్న లెక్కలు. బ్రిటన్ సంస్థ కుక్కలకు, అమెరికాలో పలు శిక్షకుల నుంచి, సొంత శిక్షణ నుంచి వచ్చిన కుక్కలకు నాణ్యతలో తేడా ఉండే అవకాశమూ ఉంది. కనుక ‘కుక్కలు పనిచేయవు’ అని తీర్పు ఇవ్వడానికి ఈ ఆధారం చాలదు. ‘కుక్క ఉంది కనుక రాత్రి లేవనక్కర్లేదు’ అనడానికి మాత్రం అసలే చాలదు.

ఇంకో చిక్కు గంగిరెద్దును చూసినవాళ్లకు సులువుగా అర్థమవుతుంది. అయ్యగారికి దండం పెట్టమంటే బసవన్న తల ఊపుతుంది. భాష తెలిసి కాదు, ఆడించేవాడి గొంతులో, తాటి కదలికలో సైగ ఉంటుంది. కుక్క దానికంటే నేర్పరి, మనిషి ముఖం చదవడంలో దాన్ని మించిన జంతువు లేదు. పిల్ల బడి నుంచి వాడిపోయి వస్తే తల్లి కంటిలో ఆందోళన కనబడుతుంది, తల్లి చేయి మీటరు డబ్బా వైపు వెళుతుంది. కుక్క లేచి పొడుస్తుంది. వాసనతోనా, తల్లిని చూసా? పగలైతే ఏదైనా ఒకటే అనుకోవచ్చు. రాత్రి అందరూ నిద్రపోతుంటే చదవడానికి ముఖాలు ఉండవు, మిగిలేది వాసన ఒక్కటే. నిద్రవేళ ఫలితాలు అంత పలచగా రావడానికి ఇదీ ఒక కారణమేమో. కుక్క కూడా నిద్రపోతుందన్నది ఇంకో కారణం. రోజులో సగం పడుకునే జంతువును రాత్రి కాపలాదారుగా పెట్టుకుంటున్నామని మరిచిపోతుంటాం.

అయినా 8.9 మార్కులు

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆరెగాన్ అధ్యయనంలోని ఇంకో అంకె. కుక్కతో ఎంత తృప్తిగా ఉన్నారని అడిగితే సగటున పదికి 8.9 ఇచ్చారు. కుక్క ‘లో’ను పడుతుందన్న నమ్మకానికి 7.9. నూటికి 12 సరైన హెచ్చరికలు, పదికి తొమ్మిదికి దగ్గరగా తృప్తి! వీళ్లు అమాయకులు కారు. రోజుకు పలుమార్లు అంకెలు చూసుకునేవాళ్లు. మరి వాళ్లకు కుక్క ఇస్తున్నదేమిటి?

వర్జీనియా వాళ్లే 2013లో 36 మంది కుక్కదారులను అడిగిన సర్వేలో నలుగురిలో ముగ్గురు జీవితం మెరుగైందన్నారు. పదిమందిలో ఆరుగురు షుగర్ పడిపోతుందన్న చింత తగ్గిందన్నారు. ఇది సొంత మాట, పోల్చి చూసే గుంపు లేదు, తృప్తి పడినవాళ్లే జవాబు రాసే వీలెక్కువ. అయినా చింత అన్నది మనిషి సొంత మాట మీదే కొలవవలసినది. తల్లి ‘నాకు కాస్త నిద్ర పడుతోంది’ అంటే దాన్ని తప్పని చెప్పే యంత్రం లేదు. ఆ నిద్రకు ఆధారం ఉందా అన్నదే మిగిలిన ప్రశ్న. ఆధారం లేని ధీమా, ఆధారం లేని భయం కంటే ప్రమాదకరం కావచ్చు.

ఇంకో దారిలో కూడా కుక్క మేలు చేస్తుండవచ్చు. ప్రతి పొడుపుకూ వేలు గుచ్చి చూస్తారు. వందలో 88 సార్లు ‘లో’ ఉండదు. కాని చూసినందుకు ‘హై’ దొరకవచ్చు, జారబోతున్న అంకె దొరకవచ్చు. టైప్-1లో రోజుకు ఎక్కువసార్లు షుగర్ చూసుకునే పిల్లల మూడు నెలల సగటు మెరుగ్గా ఉంటుందని అమెరికా రిజిస్ట్రీ లెక్కలు చూపించాయి. అలా చూస్తే తప్పుడు హెచ్చరిక కూడా వృథా కాకపోవచ్చు. ఇది నా ఊహ మాత్రమే, కుక్కల విషయంలో ఇలా జరుగుతుందని ఎవరూ నిరూపించలేదు. పైగా నాలుగేళ్ల పిల్ల వేళ్లకు ప్రతి ‘వృథా కాని’ గుచ్చుడూ నొప్పే.

డాలస్‌లో 2015లో జరిగిన ఒక చిన్న ప్రయోగం ఇక్కడ గుర్తొస్తుంది. 10 నుంచి 17 ఏళ్ల మధ్య ఉన్న 28 మంది టైప్-1 పిల్లల్లో ఒక గుంపుకు చేపపిల్లను ఇచ్చారు. రంగురంగుల బెట్టా చేప. ఉదయం మేత వేసినప్పుడు షుగర్ చూసుకోవాలి, రాత్రి మేత వేసినప్పుడు చూసుకోవాలి, వారానికోసారి తొట్టి నీళ్లు మార్చేటప్పుడు అంకెలన్నీ అమ్మానాన్నలతో కూర్చుని చూడాలి. మూడు నెలలకు చేప ఉన్నవాళ్ల హెచ్‌బీఏ1సీ, అంటే షుగర్ మూడు నెలల సగటును చూపే పరీక్ష అంకె, అర శాతం తగ్గింది. లేనివాళ్లది 0.8 శాతం పెరిగింది. చేప ఎవర్నీ నిద్ర లేపలేదు, ఏ వాసనా పట్టలేదు. 28 మందితో మూడు నెలలు చేసిన ప్రయోగం మీద మేడలు కట్టకూడదు. కాని కుక్క వల్ల వచ్చిందంటున్న మేలులో ఎంత ముక్కుది, ఎంత దినచర్యది అని విడదీసి చూడాల్సిన అవసరాన్ని ఆ చేప గుర్తు చేస్తుంది. కుక్కల మీద అలా విడదీసి చూసిన పెద్ద ప్రయోగం నా కంటపడలేదు.

బిడ్డ, కుక్క, మూడో మనిషి

పెద్దవాళ్ల కుక్కకు, పిల్లల కుక్కకు ముఖ్యమైన తేడా ఒకటుంది. పెద్దవాళ్లు తామే కుక్కను నడిపిస్తారు. ఆరేళ్ల పిల్ల 30 కిలోల లాబ్రడార్‌ను నడిపించలేదు, సరైన క్షణంలో బహుమానం ఇవ్వలేదు, పొడుపుకు అర్థం తెలిసినా ఆటలో పట్టించుకోదు. మధ్యలో ఒక పెద్ద మనిషి తప్పనిసరి. ఇంట్లో అది సాధారణంగా తల్లి. ఇప్పటికే అన్నంలో పిండిపదార్థం లెక్క, ఇన్సులిన్ లెక్క, బడికి ఫోన్లు ఆమెవే. ఇప్పుడు కుక్క తిండి, నడక, టీకాలు, రోజూ శిక్షణ, రికార్డు పుస్తకం కూడా. భారం తగ్గించడానికి తెచ్చినది భారమై కూర్చున్న ఇళ్లు ఉండవచ్చు. సంస్థలు అచ్చువేసే కథల్లో ఆ ఇళ్లు కనబడవు.

బడి ఇంకో చిక్కు. అమెరికాలో 1990 వైకల్య చట్టం కింద సేవాకుక్కను బహిరంగ స్థలాల్లోకి రానివ్వాలి. కుక్క వైకల్యం వల్ల అవసరమైనదేనా, ఏ పనికి శిక్షణ ఇచ్చారు అన్న రెండు ప్రశ్నలే అడగవచ్చు, పత్రాలు అడగకూడదు. కాని కుక్కను అదుపులో ఉంచే బాధ్యత బడిది కాదు. 2017లో అమెరికా సుప్రీం కోర్టు మిషిగన్‌కు చెందిన ఒక పిల్ల సేవాకుక్క వ్యవహారంలో కుటుంబానికి కోర్టు తలుపు తెరిచింది. అది మధుమేహం కేసు కాదు, ముందు విద్యాశాఖ మెట్లన్నీ ఎక్కిరావాలా వద్దా అన్న విచారణ పద్ధతి గురించిన తీర్పు. బడిలో కుక్క అంటే ఎంతదూరం వెళ్లాల్సి వస్తుందో తెలియడానికి అది చాలు.

పత్రాలు అడగకూడదన్న నియమం నిజమైన రోగుల మర్యాద కాపాడుతుంది. అదే నియమం మోసగాళ్లకూ నీడ. 2018లో వర్జీనియా అటార్నీ జనరల్ ఒక కుక్కల సంస్థ మీద దావా వేశారు. మధుమేహ హెచ్చరిక కుక్కలని చెప్పి, 18 వేల నుంచి 27 వేల డాలర్ల దాకా తీసుకుని, శిక్షణ సరిగా లేని కుక్కపిల్లలను ఇచ్చారన్నది ఆరోపణ. కొన్న వాళ్లలో చిన్నపిల్లల తల్లిదండ్రులు చాలామంది. అప్పు చేసినవాళ్లు, చందాలు పోగుచేసినవాళ్లు. భయంలో ఉన్న తల్లికి ఏదైనా అమ్మవచ్చునన్న సంగతి తెలిసినవాళ్లు ఎక్కడైనా ఉంటారు.

మన దగ్గర

అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021 అంచనా ప్రకారం టైప్-1తో బతుకుతున్న ఇరవయ్యేళ్లలోపు వాళ్లు భారత్‌లో సుమారు 2,29,400. ప్రపంచంలో మనదే పెద్ద సంఖ్య. టైప్-1కు ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఐసీఎంఆర్ తెచ్చింది 2022లో. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో టైప్-1 మధుమేహం లేదు. పదో తరగతి, పన్నెండో తరగతి పరీక్ష హాల్లోకి చక్కెర బిళ్లలు, పండు, నీళ్లు తీసుకుపోవడానికి సీబీఎస్ఈ అనుమతి ఇచ్చిందే 2017లో. చక్కెర బిళ్లకే అంత కాలం పట్టిన చోట కుక్కను తరగతిలోకి తీసుకుపోవడం గురించి మాట్లాడటం తొందరపాటే.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒక కుటుంబం ఈ దారి గురించి అడిగితే నా జవాబు క్రమం ఇది. ముందు స్ట్రిప్పులకు కొరత లేకుండా చూసుకోవాలి. వీలైతే కూత పెట్టే సెన్సరు. నెలకు వేల రూపాయల ఖర్చే అయినా కుక్క ఖర్చుతో పోలిస్తే తక్కువ, చెప్పే మాట ఎక్కువ నమ్మదగింది. అమెరికాలో ఉన్న మనవాళ్లు అడిగినా క్రమం మారదు. బీమా సెన్సరుకు వర్తిస్తుందేమో చూసుకుని ఆ తర్వాతే కుక్క. అప్పటికీ కుక్క కావాలనుకుంటే శిక్షకుణ్ని అడగవలసింది ఫొటోలూ కథలూ కాదు. సెన్సరు తెర మూసి, కుక్క హెచ్చరికలను వేరేవాళ్లు రాసి, రెండూ పోల్చిన రికార్డు ఉందా అని. లేదంటే రెండు వారాలు ఇంట్లోనే అలా చేసి చూద్దామా అని. దానికి ఒప్పుకోని శిక్షకుడి దగ్గర బేరం ఆపేయవచ్చు.

సెన్సరు, కుక్క ఒకే ఇంట్లో ఉంటే మరో వాడకం ఉంది. దాని గురించి ఎందుకో తక్కువ మాట్లాడుతున్నారు. సెన్సర్ల పెద్ద లోపం అవి పట్టకపోవడం కాదు, అవి కూసినా ఎవరూ లేవకపోవడం. నెలల తరబడి కూతలు విన్న చెవులు వాటికి అలవాటుపడిపోతాయి. పసిపిల్లలైతే మొదటి రాత్రి నుంచే లేవరు. బ్రిటన్‌లో చెవిటివాళ్ల కోసం 1982 నుంచి తయారుచేస్తున్న కుక్కలు అలారం గడియారానికి, తలుపు గంటకు, పొగ హెచ్చరికకు మనిషిని తట్టి లేపుతాయి. సెన్సరు కూతకు పెద్దల గదికి పరుగెత్తి, లేచి కూర్చునేదాకా దుప్పటి లాగడం, మీటరు సంచీ తేవడం ఆ కోవలోని పనే. కంటికి కనబడని వాసన గురించి వాదించుకోనక్కర్లేదు. ఏ అర్ధరాత్రో ఫోన్‌లో ఆ కూత మోగించి, కుక్క లేచిందా లేదా, ఎన్ని నిమిషాలకు లేపింది అని చూసి, మరునాడు పుస్తకంలో రాసుకోవచ్చు.